పైకి వెళ్లిన అడుగులు

ఆ ఫిబ్రవరిలో ఒక్కరోజు పుస్తకాలు పక్కన పెట్టి కొండకు వెళ్లొద్దామని నేనూ, నా గదిలో ఉండే అక్కా అనుకున్నాం. ఢిల్లీ కట్వారియా సరాయ్‌లో కిటికీ లేని గది మాది. ఇద్దరం సివిల్స్‌కు చదువుతున్నాం. అక్కది కరీంనగర్ వైపు, నాకంటే బాగా పెద్ద. ఆ ఏడాదే ఆమెకు చివరి ప్రయత్నం.

రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి కొండ ఊళ్లో దిగాం. వ్యూపాయింట్‌కు దారి దేవదారు చెట్ల మధ్య నుంచి పోతుంది. కురిసిన మంచు మీద వాన పడి కిందంతా బురద. దిగబడిన బూటును పీకినప్పుడు వచ్చే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. పక్షులు కూడా లేవు.

కొంత ఎక్కాక బురద పోయి మంచు మొదలైంది. అక్కడ కనిపించాయి అడుగులు. ఒకే మనిషివి. ఆఫీసుకు వేసుకునే నున్నటి బూట్లు. జారిన చోటల్లా చెయ్యి ఆనించిన గుర్తు.

"ఎవరో మనకంటే ముందే వచ్చారక్కా."

అక్క వంగి చూసింది. "పోయినయే ఉన్నయి. వచ్చినయి లేవు."

"ఇంకా పైనే ఉన్నారేమో."

ఆమె నడక పెంచింది. మబ్బు కిందికి దిగి చెట్లను ఒక్కొక్కటిగా మింగేస్తోంది. నాకు వెనక్కి పోవాలనిపించింది.

పైన సిమెంటు దిమ్మె, దాని చుట్టూ ఇనుప రెయిలింగ్. లోయంతా తెల్లగా మూసుకుపోయి ఉంది. రెయిలింగ్‌కు అవతల, రాతి అంచున ఒకతను కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. పల్చటి స్వెట్టర్. మమ్మల్ని చూసి లేవలేదు. జేబులోంచి ఫోన్ తీసి రెయిలింగ్ సందులోంచి చాచాడు.

"దీదీ, దీన్ని కింద చాయ్ దుకాణంలో ఇచ్చేయండి. మా తమ్ముడొచ్చి తీసుకుంటాడు," అన్నాడు హిందీలో, చాలా మర్యాదగా.

నేను చెయ్యి చాచాను. అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది. మరుక్షణం మంచులో కూలబడి చీలమండ పట్టుకుంది.

"భయ్యా, కాలు బెణికింది. ఈ పిల్ల నన్ను మోయలేదు. మీరు పట్టుకుంటే తప్ప దిగలేను."

"కిందికెళ్లి ఎవరినైనా పిలుచుకు రమ్మనండి."

"అంతసేపు ఈ చలిలో ఉండలేను భయ్యా."

ఆమె గొంతులో బతిమాలడం లేదు. బస్సులో సంచి కాస్త పట్టుకోమని అడిగినట్టే అడిగింది. అతను లోయ వైపు చూశాడు. అక్క కాలి వైపు చూశాడు. చివరికి విసుగ్గా నిట్టూర్చి, రెయిలింగ్ దాటి ఇవతలికి వచ్చాడు.

దిగుతున్నంతసేపూ అక్క అతని మోచెయ్యి వదల్లేదు. మధ్యలో ఒకసారి కుంటడం మరిచిపోయింది. చాయ్ దుకాణంలో అతని ఫోన్‌తోనే తమ్ముడికి ఫోన్ చేసింది. అతను వద్దనలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు కానీ తాగలేదు.

"మీ కాలికి ఏమీ కాలేదు కదా," అన్నాడు.

"కాలేదు," అంది అక్క.

తిరుగు బస్సులో అతన్ని మా మధ్య కూర్చోబెట్టుకున్నాం. ఢిల్లీకి ముందు ఘాజియాబాద్‌లో అతను దిగేసరికి తమ్ముడు రోడ్డు మీదే ఎదురుచూస్తున్నాడు. అన్న భుజం మీద వేసిన చెయ్యి మళ్లీ తియ్యలేదు.

బస్సు కదిలాక అడిగాను. "నీకెలా తెలిసిందక్కా?"

"పోయిన్యేడు రిజల్ట్ వచ్చిన్నాడు కిందింటి ఆంటీకి నేను గూడ ఫోన్ ఇయ్యబోయిన," అంది బయటికి చూస్తూ. "ఆమె తీస్కోలే."

ఆ ఏడాది ఫలితాలు వచ్చిన రోజు నేనెక్కడికీ వెళ్లలేదు. అక్క నంబరు లిస్టులో లేదు. చీకటి పడేదాకా తలుపు తెరిచి పెట్టుకుని ఇద్దరం మంచం మీదే కూర్చున్నాం.