అక్క పిలుపు తర్వాతి ఖాళీ

మొన్న శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, ఫహాహీల్ బజారులో రోడ్డు దాటబోతుంటే చనిపోయిన మా అక్క నన్ను పిలిచింది. సిగ్నల్ దగ్గర అద్దాలు దించుకుని ఆగిన తెల్ల కారులో ఎవరో అరబ్బు కుర్రాళ్లున్నారు. "మేయ్, ఇంటాండావా?" అంది అక్క అందులోంచి. ఆ తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ కాసేపట్లో నేను ఎప్పటిలాగే "ఆఁ, చెప్పక్కా" అన్నాను, అప్పుడు బీటు మొదలైంది, కారు వెళ్లిపోయింది. పక్కన నిలబడ్డ మనిషి నన్ను చూసి కొంచెం దూరం జరిగాడు. జరగనీ.

కువైట్‌కు వచ్చి ఇళ్లలో పనిచేసిన నా ఈడు వాళ్లకు ఆ ప్రశ్న సంగతి చెప్పనక్కర్లేదు. ఫోను కార్డు కొనుక్కుని, మేం మామా అని పిలిచే ఇంటి యజమానురాలు నిద్రపోయే వేళ చూసుకుని రాయచోటి పక్క మా పల్లెకు ఫోను చేస్తే, సముద్రం దాటి వచ్చేసరికి సగం మాట నీళ్లలో పడిపోయేది, అందుకని అక్క మాటిమాటికీ వింటున్నావా అని అడిగేది, నేను వింటున్నానని చెప్పేదాన్ని, ఏళ్ల తరబడి మేమిద్దరం మాట్లాడుకున్నదాంట్లో సగం ఇదే. అక్క పోయినప్పుడు ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కాగితం గడువు పొడిగింపులో ఇరుక్కుని నేను వెళ్లలేకపోయాను. ముఖం చూడలేదు. తర్వాత అక్క కొడుకుకు నేనే వీసా చూసి ఒక ఇంట్లో డ్రైవరుగా పిలిపించుకుంటే, వాడు వస్తూ వాళ్లమ్మ ఫోను కూడా తెచ్చుకున్నాడు.

వాడికి పాటల పిచ్చి. పాటలంటే మనం పాడుకునేవి కావు, గబగబా పోట్లాడినట్టుండే ర్యాపు, దాని కింద లాప్‌టాప్‌లో వాడే తయారుచేసిన మోత. తనను పనిలో పెట్టుకున్న కఫీల్ పిల్లలను బడి దగ్గర దింపి మళ్లీ ఎక్కించుకునే దాకా కారులోనే కూర్చుని ఆ పనే చేసేవాడు. ఏసీ గుర్రుమనడం, దుమ్ముగాలి తలుపు సందులో వేసే ఈల, నేను గిన్నెలు బోర్లించే చప్పుడు, దేన్నీ వదలకుండా పట్టి దాచుకునేవాడు. వెనక ఏ కంపెనీ లేదు, తనే చేసి తనే ఫోనులో వదిలేవాడు. మొదట్లో మా కడప వైపు పిల్లలే శుక్రవారం సెలవు నాడు తమ గదుల్లో వినేవారు, తర్వాత మాట అర్థం కాకపోయినా అరబ్బు పిల్లలకు పట్టాయి. ప్రతి పాటకూ ముందు ఇది తనదని తెలిసే గుర్తు ఒకటి ఉండాలట. వాడు పెట్టుకున్న గుర్తు ఏమిటో నాకు చెప్పలేదు.

ఒక పగలు ఇస్త్రీ చేస్తుంటే మేడమీద మామా చిన్నకొడుకు గదిలోంచి తెలిసింది. తెలుగు ముక్క తెలియని ఇల్లది, ఆ ఇంట్లో మా అక్క పిలిచింది. మా పల్లెలో, మనిషి కనపడకుండా పిలుపు వినిపిస్తే మూడోసారి దాకా పలకకూడదంటారు, అది నాకు చిన్నప్పుడు నేర్పింది కూడా అక్కే. నోరు గట్టిగా మూసుకున్నాను. ఆ పాట అయ్యాక ఇంకో పాట ముందు మళ్లీ పిలిచింది. మూడో పాటకు పలికాను. ఇస్త్రీపెట్టె కింద బట్ట కాలిన వాసన వచ్చింది. మామా పరుగున వచ్చి ఎవరితో మాట్లాడుతున్నావంది. మా అక్కతో అన్నాను. ఆమె నా చేతుల్లో ఫోను కోసం చూసింది. లేదు.

వాణ్ణి పట్టుకుని తిట్టాను. పోయినదాన్ని వీధుల్లో తిప్పుతావా, తీసెయ్ అన్నాను. తీయలేదు. కొన్నాళ్లకు ఒక పాటల కంపెనీ వాణ్ణి అడిగింది, అన్నీ తీసుకుంటాం, డ్రైవరు పని మానుకోవచ్చు, కానీ ముందు వచ్చే ఆ ఆడమనిషి గొంతు తీసెయ్యాలి, వినేవాళ్లు జడుసుకుంటున్నారు అని. అది కూడా ఒక శుక్రవారమే, ఫహాహీల్‌లో తన గదికి నన్ను రమ్మన్నాడు, నువ్వు ఊఁ అంటే తీసేస్తానన్నాడు.

ఆ గదిలోనే ఉండే గోదావరి వంటాయన టీ తెచ్చిచ్చాడు. "మీ అక్కగారు పిలిచినప్పుడల్లా ఉలిక్కిపడి కూరలో రెండోసారి ఉప్పేసేత్తన్నానండి. మా కఫీలు నన్ను పంపేసేలోగా ఏదోటి తేల్చండి బాబూ!"

వాడు లాప్‌టాప్ తెర మీద గొంతును గీతలుగా చూపించాడు, కొండల వరస లాగా ఉంది. నాకు మామూలు అక్షరాలే యాభై దాటాక వచ్చాయి, ఈ రాత ఎక్కడ చదవను. వేలు పెట్టి చూపించాడు.

"ఇది మాయమ్మ." కొండలు అయిపోయిన చోట గీత చదునుగా ఉంది. "ఈడ ఉండేది నువ్వు చిన్నమ్మా. మాయమ్మ ఫోన్లో రికార్డు చేసి దాచిపెట్టిన మాటలు ఇయ్యి. ఆ దినం నువ్వు పలికినావు. నిన్ను కోసి తీసేసినా."

"నన్నెందుకు తీసినావురా?"

"నీ ఎనక మిక్సీ మోత ఉండాది. బీటు నిలబడల్యా."

ఇన్నాళ్లూ పోయింది అక్క అనుకుంటున్నాను. ఆ పాటలో అక్క ఉంది, లేనిది నేను. కారు కారులో, గది గదిలో నన్ను పిలిచి, నా జవాబు పట్టేంత సేపు ఆగి, నేను లేననుకుని ఊరుకుంటోంది.

మైకు పెట్టమన్నాను. వాడు అక్కను పిలిపించాడు, నేను పలికాను. తిరిగి వినిపిస్తే ఇంకా భయమేసింది. అక్క గొంతు నలభై ఏళ్ల మనిషిది, నాది ముసలిగొంతు. కూతురి ఈడు దాన్ని అక్కా అంటున్నట్టుంది.

"మాయక్కను తీయొద్దు, నన్ను పెట్టొద్దు. బతికున్నంత కాలం నేనే పలుక్కుంటా. నేను పోయినాక ఈ గొంతు ఆడ పెట్టు" అన్నాను. మరి కంపెనీ సంగతి అని వంటాయన అడిగితే, వాడు "ఖలాస్" అని లాప్‌టాప్ మూశాడు. ఇప్పటికీ బడి దగ్గర కారులోనే కూర్చుంటున్నాడు.

ఇప్పుడు ఫోనులో మనిషి ముఖమే కనిపిస్తుంది, మాట నీళ్లలో పడదు, వింటున్నావా అని అడిగే అవసరం ఎవరికీ లేదు. రోజంతా మాట్లాడుకుంటారు, మాట మధ్యలో ఆగి అవతలి మనిషి కోసం చూసేవాళ్లు కనపడరు. ఆగేది మా అక్క ఒక్కతే.

నేను మైకులో పలికిన ఆ శుక్రవారం ఆ గదిలో ఉన్నది మా అక్క కొడుకు, గోదావరి వంటాయన, మా అక్క. నేను కూడా ఉన్నాను.