ప్లగ్గు పీకేవాడు

ఒకే కూరను ఇద్దరు కలపకూడదని, భార్య చేతిలోని గరిటె తన చేతికొచ్చాకే అతను కలుపుతాడు, అంత చాదస్తం. ఆసుపత్రిలో అతను చూసుకునే కంప్యూటర్ సర్వర్లు రెండు, రోగుల రికార్డులుండే డిస్కు ఒక్కటే. ఒక సర్వర్ పలకకపోతే, రెండోది దాని కరెంటు తీసేశాకే డిస్కును ముట్టుకోవాలి. అందుకని ఒకటి రెండోదాని కరెంటు తీసేసేలా అతను బిగించిన తీగను, మంచి సర్వర్ని ఊరికే ఆపేస్తోందని మేనేజరు పీకించేశాడు.

ఈ ఉదయం మొదటిది మూగబోయింది. తీగ లేక రెండోది కదల్లేదు. కౌంటర్ల దగ్గర ఒకటే గోల.

"రెండోదాన్ని నడిపించెయ్యవయ్యా," అన్నాడు మేనేజరు.

"ముందు మొదటిదాన్ని ఆపాలి సార్. రెండూ ఒకేచోట రాస్తే రికార్డులన్నీ కలగాపులగమే."

"అది బతికే ఉందేమో. ఆపడం దేనికి?"

"బతికుందేమోననే సార్."

అతను మొదటిదాని ప్లగ్గు పీకి, రెండోదాన్ని నడిపించాడు. రెండోది లేచింది, కౌంటర్లు కదిలాయి.

"చూశావా, నీ తీగ లేకపోయినా పనైంది," అన్నాడు మేనేజరు.

తీగ చేయాల్సిన పని చేసిన అతని చేతిలో ప్లగ్గు ఇంకా అలాగే ఉంది.