తెల్ల గుంజల దారి

మా అన్నయ్యకి ‘నిద్రమాత్ర’ అని పేరు పెట్టింది ఆయన బస్సెక్కిన జనమే. తిట్టు కాదది, మెచ్చుకోలు. రాత్రి బస్సు తోలేవాడు. ఆయన చక్రం పట్టుకున్నాడంటే ఊరు దాటకముందే బస్సు బస్సంతా గుర్రు పెట్టేది. దిగాల్సిన చోటు ఎక్కడ దాటిపోతుందోనని ఎవరైనా కళ్లు నులుముకుంటూ ముందుకొచ్చి నిలబడితే, “మీరు పడుకోండి, దిగాల్సిన చోట నేను లేపుతా” అనేవాడు. లేపేవాడు కూడా. కండక్టరుకి వదిలెయ్యకుండా బస్సు ఆపి, సీటు దాకా తానే నడిచి వెళ్లి, భుజం తట్టి మరీ లేపేవాడు.

అలాంటి మనిషికి చూపు పోవడం మొదలైంది. ముందు పక్కల నుంచి. “కంటి లోపలి పొర ఎండిపోతోంది. అంచుల నుంచి మొదలై మెల్లగా నడిమికి వస్తుంది. దీనికి మందు లేదు” అన్నాడు డాక్టరు. ఎంత సులువుగా అన్నాడో! సబ్బు అరిగిపోతుందని చెప్పినట్టు చెప్పాడు. డిపోలో చేసిన పరీక్షలో, పక్కన నిలబడ్డ మనిషి చెయ్యెత్తితే అన్నయ్యకి కనపడలేదట. ఆ సాయంత్రమే ఆయన్ని బస్సు మీంచి దించి స్టోర్సులో టైర్ల మధ్య కూర్చోబెట్టారు. గేటు దాటి వెళ్లే బండ్ల చప్పుడు వింటూ అక్కడ కూర్చోవడం నా వల్ల కాదని కొద్దిరోజులకే మానేసి ఇంటికొచ్చేశాడు. వచ్చినవాడు గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

ఇక నా సంగతి. నాది వీడియో గేముల హాలు. ఒక పాత సినిమా హాలు కింద, కిటికీల్లేని నేలమాళిగలో. మా ఆయన సరదా పడి పెట్టాడు, ఆయన పోయాక ఆ మోతంతా నా నెత్తిన పడింది. తుపాకుల మిషన్లు, తన్నులాటల మిషన్లు, పొద్దున్నుంచి ఒకటే కీచులు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ గోలలో పగలంతా కూర్చుంటే ఇంకెలా ఉంటుంది?

ఆ హాల్లో ఒక మూలన పాత కారు ఆట ఒకటి ఉండేది. సీటు, స్టీరింగు, గేరు కర్ర, కింద పెడలు, అన్నీ ఉన్నాయి. తెర మాత్రం నల్లటి నలుపు. దాని మీద రెండు పక్కలా తెల్ల గుంజలు. దూరంగా చుక్కల్లా పుట్టి, దగ్గరికొచ్చేకొద్దీ పొడుగై, చటుక్కున పక్కనుంచి వెళ్లిపోతాయి. అంతే. చెట్టు లేదు, ఆకాశం లేదు, ఆఖరికి కారు కూడా లేదు! “ఇదేం కారు ఆట ఆంటీ, కారే లేదు?” అని నవ్వి, కాలేజీ వాళ్లు దాని సీట్లో సంచులు పడేసి వేరే మిషన్ల దగ్గరికి పోయేవాళ్లు. దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని నేనూ అనుకుంటూనే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం వదిన అన్నయ్యని చెయ్యి పట్టుకుని మెట్లు దింపి తీసుకొచ్చింది. “ఇంట్లో మాట్లాడటం మానేశారు. ఇక్కడైతే కాస్త సందడిగా ఉంటుందని...” అంది. మా వదిన నోట్లో నాలుక లేని మనిషి. అంత పొడుగు మాట ఆవిడ నోట రావడం నేనదే వినడం. నేను హడావుడిగా అన్నయ్యని కొత్త రంగుల కారు ఆటలో కూర్చోబెట్టాను. అందులో సముద్రం, ఎర్ర సూర్యుడు, వంకర చెట్లు, జెండాలూపే అమ్మాయిలు, ఒకటా రెండా! అన్నయ్య తల అటూ ఇటూ తిప్పాడు. స్టీరింగు మీద చేతులు బిగుసుకుపోయాయి.

“ఇన్నీ ఎందుకు పెట్టారు చెల్లాయ్? దారి ఏది?”

పోనీలే అన్నయ్యా, రా, కాఫీ తాగుదువుగాని అని లేపాను. వస్తూ వస్తూ ఆ మూల మిషను సీటు మోకాలికి తగిలింది. తూలి అందులోనే కూలబడ్డాడు. కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. తెరకేసి అలాగే చూశాడు.

“ఏమే, ఇలా రా. ఇది మన రాత్రి బస్సేనే!” అన్నాడు వదినతో.

ఎదురుగా నల్లటి దాని మీద తెల్లటిది ఒక్కటే ఉంటే ఆయన కళ్లకి ఇంకా అందుతోంది. మిగతా ప్రపంచమంతా గజిబిజి. ఇక ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. వదిన పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. ఆయన తోలుతుంటే చూడాలి! భుజాలు దిగేవి, మెడ నిలబడేది. పాత మనిషి ఆ సీట్లోంచి లేచి కూర్చున్నట్టుండేది.

కాలేజీ అబ్బాయి ఒకడు ఉండబట్టలేక అడిగాడు, “ఇందులో కారే కనపడదు కదా అంకుల్, ఏం మజా?” అని.

“డ్రైవరుకి తన బండి కనపడుతుందా బాబూ? అది రోడ్డు పక్కన నిలబడ్డవాడికి కనపడుతుంది.”

“రోడ్డూ లేదుగా?”

“గుంజకీ గుంజకీ మధ్య నల్లగా ఉన్నదంతా రోడ్డే. రాత్రిపూట అసలు రోడ్డయినా అంతే చూపిస్తుంది. మిగతాది మనం వేసుకోవాలి. అన్నీ వాళ్లే వేసిపెట్టేస్తే ఇక నాకు పనేముంది?”

వేసుకునేవాడు కూడా. “ఇదిగో వంతెన ఎక్కుతున్నాం. కింద నీళ్లున్నాయి, చల్లగాలి తగులుతోందా?” అని అడిగేవాడు. “తగులుతోంది” అనేది వదిన, కొంగు భుజం మీదికి లాక్కుని. “మలుపులో మూసేసిన పెట్రోలు బంకు. దాని ముందర కుక్క పడుకుని ఉంటుంది, జాగ్రత్త” అనేవాడు. గేరు మార్చేవాడు. ఈ మొగుడూ పెళ్లాలిద్దరికీ మతి పోయిందనుకున్నాను మొదట్లో. తర్వాత ఒక రోజు హాలు ఖాళీగా ఉన్నప్పుడు నేనే ఆ సీట్లో కూర్చున్నాను. గుంజలు వచ్చాయి, పోయాయి. ఆ నలుపులో ఒక వాన కురిసింది. మా ఆయన మోపెడ్ మీద వెనక కూర్చుని, ఆయన వీపుకి మొహం ఆనించి ఇంటికి వస్తున్నాను. బొమ్మల మిషన్లు ఇన్ని ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటీ నాకు ఆయన్ని చూపించలేదు. కళ్లు తుడుచుకుని లేచి, దిక్కుమాలిన మిషను అని దాన్నే తిట్టాను.

తర్వాత కొన్నాళ్లకి అన్నయ్య అన్నాడు, “చెల్లాయ్, ఈ తెర ట్యూబు మసకబారుతోంది. చూపించమ్మా.”

నాకేమో తెర ఎప్పటిలాగే కనపడుతోంది. అయినా మెకానిక్కుని పిలిపించాను. వెనక తలుపు తీసి చూసి, “ట్యూబు నిక్షేపంలా ఉందక్కా” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తోలే మనిషికి తెలియదా, పని చెయ్యడానికి ఒళ్లు బరువా నీకు అని కడిగేశాను. అతను నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, “మసకేస్తున్నది ట్యూబు కాదక్కా” అన్నాడు. మిషను వెనక ఒక నల్ల మీట చూపించి, “ఇది వెలుగు పెంచే మీట. దీన్ని మాత్రం ముట్టుకోకండి. మరీ ఎక్కువ పెడితే ట్యూబు కాలిపోతుంది, ఇలాంటిది మళ్లీ ఎక్కడా దొరకదు” అని చెప్పి వెళ్లిపోయాడు. వదిన మా పక్కనే నిలబడి అన్నీ విన్నది.

అన్నయ్యతో బాగు చేశాడని అబద్ధం చెప్పాను. చిత్రమేమిటంటే, మర్నాడు కూర్చోగానే “ఆ, ఇప్పుడు బాగుంది. మెకానిక్కు పనిమంతుడే” అన్నాడు. మళ్లీ కొద్దిరోజులకి మసక అన్నాడు. మళ్లీ మర్నాటికి బాగుంది. ఇదేం వింతరా నాయనా అనుకుంటూ ఒక రోజు సోడాల పెట్టె కోసం వెనకవైపు వెళ్లాను. మిషను వెనక వదిన వంగుని ఉంది. చెయ్యి ఆ మీట మీద ఉంది.

“కళ్లు నెత్తికెక్కాయా వదినా? కాలిపోతుందని చెప్పాడు కదా! ఇది కాస్తా పోతే ఆయనకి ఇంకేం మిగులుతుంది?”

ఆవిడ తల ఎత్తలేదు. “పోనీ. కాలిపోనీ.”

“ఏంటి?”

“ట్యూబు పోతే మిషను పాడైపోయిందనుకుంటారు. నా కళ్లు పోయాయి అనుకోరు కదా. అదే ముందు పోవాలని రోజూ మొక్కుకుంటున్నాను.”

నోట్లో నాలుక లేదనుకున్న మనిషి ఇన్నాళ్లూ లోపల ఇంత పెట్టుకుని తిరుగుతోందా? ఆవిడ పక్కన పెట్టె మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చి లేచి ఆ మీటని నేను కూడా కొంచెం తిప్పాను.

అక్కడి నుంచి ఇద్దరం కాపలా. అన్నయ్య ‘మసక’ అంటే చాలు, మర్నాడు ఆయన రాకముందే తిప్పేవాళ్లం. సన్నటి గుంజలు లావెక్కాయి. తర్వాత అంచులు కరిగి తెల్లగా ఉబ్బిపోయాయి. దాని ముందు నుంచి వెళ్లేవాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. అన్నయ్య మాత్రం మెడ ముందుకి చాచి, ఇంకా ముందుకి చాచి తోలేవాడు. వంతెన చెప్పడం తగ్గిపోయింది. కుక్క సంగతి అసలు ఎత్తడమే లేదు. మొదటి మలుపులోనే గుద్దేసి, “ఇవాళ మంచు బాగా పట్టింది” అనేవాడు. వదిన “అవునవును, బాగా పట్టింది” అనేది. ఆ ట్యూబు మాత్రం పోలేదు. ఎన్ని మిషన్లు నా కళ్ల ముందు కాలి కంపు కొట్టి చచ్చాయి, ఈ మొండిదానికి మాత్రం చావు రాదు! రోజూ తాళం తీస్తూ, ఇవాళైనా పోయి ఉంటే బాగుండు అనుకునేదాన్ని. స్విచ్ వెయ్యగానే భగ్గుమనేది.

ఒక రోజు వదిన మిషను వెనక నుంచి వచ్చి నాకేసి చూసి తల అడ్డంగా ఊపింది. మీట చివరికొచ్చేసింది. ఇంక తిరగదు.

అది జరిగాక ఒక మధ్యాహ్నం. హాలు కిటకిటలాడుతోంది, అన్ని మిషన్లూ ఒకేసారి కూస్తున్నాయి. వదిన అన్నయ్యని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఆయన స్టీరింగు తడిమి పట్టుకున్నాడు. పెడలు మీద కాలు పెట్టాడు. తెర మీద గుంజలు తెల్లగా మండిపోతూ వస్తున్నాయి, పోతున్నాయి. ఆ వెలుగంతా ఆయన మొహం మీద పడుతోంది. ముడతల్లో దుమ్ము కూడా కనపడుతోంది నాకు. ఆయన ఎదురుచూస్తున్నాడు.

“చెల్లాయ్, స్విచ్ వెయ్యమ్మా” అన్నాడు.

వదిన స్టూలు మీద నుంచి సగం లేచి ఆగిపోయింది. నాకేసి చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. ఏం చెప్పను? ఏమని చెప్పను? వెనక్కి తిరిగి, కౌంటరు పక్క గోడకున్న మెయిన్ స్విచ్‌ని గట్టిగా కిందికి లాగేశాను. హాలంతా ఒక్కసారి చీకటైంది. కూతలన్నీ ఒక్క దెబ్బకి ఆగిపోయాయి. కాలేజీ వాళ్లు గొల్లుమన్నారు.

“కరెంటు పోయిందన్నయ్యా” అన్నాను.

ఇంజిను చప్పుడులో పిసరంత తేడా వచ్చినా పట్టేసే చెవులు ఆయనవి. తాను స్విచ్ వెయ్యమన్నప్పుడు పక్క మిషన్లన్నీ మోగుతున్నాయని ఆయనకి తెలియదా? తెలిసింది. చీకట్లో ఊపిరి వదిలిన చప్పుడు విని నాకు అర్థమైంది.

“ఇప్పుడేనా పోయింది?”

“ఇప్పుడే.”

“సరే. వచ్చేదాకా కూర్చుంటాం. తొందరేముంది.” స్టీరింగు కిర్రుమంది, కొంచెం తిప్పినట్టున్నాడు. వదిన ముక్కు ఎగబీల్చడం వినపడింది. ఏడుపు ఆపుకోలేకపోతోంది.

“ఏమే” అన్నాడు అన్నయ్య మెల్లగా, “నువ్వు పడుకో. దిగాల్సిన చోట నేను లేపుతా.”

“ఆంటీ, కరెంటు! ఆంటీ!” అని జనం అరుస్తున్నారు. నా చెయ్యి మెయిన్ మీదే ఉంది. దాన్ని పైకి ఎత్తలేకపోయాను.