స్పెయిన్ పాటకు నాట్ల మాటలు

నేను కోదాడ నుంచి సూర్యాపేటకు కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాకు మొదట నచ్చిన మనిషి మా ఆయన కాదు, ఆయన అక్క. నాకు వదినె. ఆమె కాపురం మా వెనక వీధిలోనే. భర్త దర్జీ. పొద్దున్నే ఆయన కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టగానే ఈమె మా వంటింట్లో తేలేది, పాట పాడుకుంటూ.

ఆమె గొంతులో లేని పాట లేదు. నిడమనూరులో అమ్మమ్మ పొలంలో నేర్చిన నాట్ల పాటలు, అదే పొలంలో కలుపు తీస్తూ క్రైస్తవ ఆడవాళ్లు పాడుకునే ప్రభువు పాటలు, పక్కింట్లో గాజులమ్మే బీబీ దగ్గర పట్టిన గజళ్లు. ఎక్కడ ఒకటి ఆగి ఇంకొకటి మొదలయ్యేదో నాకు తెలిసేది కాదు. బహుశా ఆమెకూ తెలియదు.

సొంతంగా పాటలు కట్టేది కూడా. అప్పట్లో మా వైపు బడి చదువంతా ఉర్దూలో. ఆమెకు ఉర్దూ అక్షరాలు వచ్చు, తెలుగు అక్షరాలు రావు. అందుకని తెలుగు పాటను ఉర్దూ అక్షరాలతో బొగ్గు ముక్క పట్టుకుని వంటింటి గోడ మీద కుడి నుంచి రాసేది. నాకు మా నాన్న ఇంట్లో తెలుగు నేర్పాడు. అదే పాటను నేను ఎడమ నుంచి రాసుకునేదాన్ని. మా అత్తగారు పొయ్యి దగ్గర నుంచి చూసి తల కొట్టుకునేది.

"ఇది గోడనా, బడి పలకనా? ఒకలు ఇటు, ఒకలు అటు. నడిమిట్ల గుద్దుకుంటరు సూడుండ్రి!"

అలా అని సున్నం పూసేసేది. పూస్తూ ఆ పాటే కూనిరాగం తీసేది.

ఒకరోజు నేను బియ్యం చెరిగి, ఖాళీ చాట మీద వేళ్లతో దరువేస్తుంటే వదినె పాట ఆపేసింది. "ఓ మరదలా! గింత మంచి చెయ్యి పెట్టుకొని చాట మీద కొడుతున్నవా?" అంది. వారం తిరగకముందే దర్జీ అన్నయ్య ఎక్కడి నుంచో పాత ఢోలక్ ఒకటి తెచ్చి, దానికి పూల గుడ్డతో తొడుగు కుట్టి ఇచ్చాడు. మేమిద్దరం జోడీ అయింది అప్పుడే.

అవి రాజ్యం చేతులు మారుతున్న గడబిడల ఏళ్లు. పొద్దు గుంకితే తలుపులు మూసుకునేవాళ్లం. బస్సు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోయేవారు. అదంతా సద్దుమణిగాక ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. పాడటానికి రమ్మని మాకు కబుర్లు రాసాగాయి.

మిర్యాలగూడలో ఒక డాక్టరు గారి ఇంట్లో సీమంతానికి వెళ్లినప్పుడు అక్కడ గ్రామఫోను చూశాం. మా పాటలయ్యాక డాక్టరు గారి భార్య ముచ్చటపడి తన రికార్డులన్నీ ఒక్కొక్కటే వినిపించింది. చివర ఒకటి పెడుతూ, "ఇది హైదరాబాదుల పాత సామాన్ల కాడ దొరికింది. స్పెయిన్ భాషనట. మా ఇంట్ల ఎవ్వలకు సమజ్ గాదు" అంది.

ఎవరో ఆడమనిషి. గొంతు కొంచెం బొంగురు. మెల్లగా మొదలుపెట్టి, ఉన్నట్టుండి పైకి లేచింది. వెనక చప్పట్లు పడుతున్నాయి. అవి వినగానే నా చేతులు వాటంతట అవే ఢోలక్ మీదికి పోయాయి.

"ఏడుస్తోందా, నవ్వుతోందా వదినె?" అన్నాను.

"ఏడుస్తలేదు, నవ్వుతలేదు. పొలం గట్టు మీద నిలవడి ఎవర్నో పిలుస్తున్నది" అంది. ఆ మాట అంటూనే, "అమ్మా, ఇంకొక్కసారి పెట్టవా?" అని అడిగింది. ఆ ఒక్కసారి ఎన్నిసార్లయిందో, కీ తిప్పి తిప్పి డాక్టరు గారి భార్య చెయ్యి పట్టేసింది.

ఇంటికి రాగానే గోడ నల్లబడింది. స్పెయిన్ వరసకు మా నాట్ల మాటలు అతికాయి.

"నాటు పెట్టిన కాడనే నా నవ్వు పెట్టి వస్తిని,
జర నీళ్లు కట్టు బావా, మొలిస్తె దోసెడు నీది."

ఆ పాట మొదట పాడింది మా పుట్టింటి ఊళ్లో, కోదాడలో ఒక పెళ్లిలో. పెళ్లికూతురి మేనమామ సంగీతం నేర్చినవాడు. పాట సగంలోనే చెయ్యెత్తి ఆపాడు.

"ఏమ్మా, ఇదేం పాటండీ? కీర్తనా, గజలా, పల్లెపాటా? ఏదో ఒకటి తేల్చుకుని పాడాలి గదా!"

నేను ఢోలక్ ఆపేశాను. పుట్టింటి ఊళ్లో పరువు పోయిందనుకున్నాను. వదినె మాత్రం నవ్వింది.

"అన్నా, ఇంతకు ముందే ఒక్క విస్తర్ల పప్పు, పులుసు, పచ్చడి అన్నీ వడ్డించిండ్రు గద. ఏదన్న ఒకటి తేల్చుకొని తినుమని నాకు ఎవ్వలు చెప్పలే."

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వులు మొదలై మగవాళ్ల వైపు పాకాయి. ఆయన మాత్రం నవ్వలేదు. "మళ్లీ పాడు" అన్నాడు. వదినె పాడుతుంటే కళ్లు మూసుకుని రాగం వెతికాడు. దొరికిందనుకున్న ప్రతిసారీ పాట పక్కకు జరిగిపోయింది. చివరికి, "ఎక్కడిదమ్మా ఈ వరస?" అని అడిగాడు, ఈసారి మెత్తగా.

"స్పెయిన్‌ది."

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ ముందుకు వంగి, "స్పెయినా? అది మన పాలకీడు అవతలా?" అంది.

"అవునమ్మా, ఇంకా జర దూరం" అంది వదినె.

సాయంత్రం అప్పగింతలప్పుడు మేనమామే స్వయంగా వచ్చి ఆ పాట మళ్లీ పాడమన్నాడు. పెళ్లికూతురు ఏడుపు మధ్యలో 'దోసెడు నీది' దగ్గర ఫక్కున నవ్వింది. అప్పగింతల్లో పిల్ల నవ్విందని వాళ్లమ్మ కాసేపు మా మీద అలిగింది కానీ, మర్నాడు చిలుకూరులో తన చెల్లెలి ఇంటి పెళ్లికి మమ్మల్ని కుదిర్చి పెట్టింది కూడా ఆమే.

తర్వాత వదినె చాలా ఏళ్లు పాడింది. సూర్యాపేటలో మైకు ముందు మొదటిసారి నిలబడినప్పుడు తన గొంతు పెద్దగా వినబడేసరికి, వెనక ఎవరో పాడుతున్నారని తిరిగి చూసింది. ఆమె కట్టిన పాటలు ఎన్నో నోటి నుంచి నోటికి పోయి, వాటిని కట్టిందెవరో తెలియని ఊళ్లలో కూడా పాడారు. అది విని ఆమె మురిసిపోయేది.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం కోదాడ పెళ్లి నుంచి తిరిగి వస్తున్న బస్సు. పెళ్లికి వచ్చినవాళ్లే చాలామంది అందులో ఉన్నారు. పాడమని ఒకటే పట్టుపట్టారు. వదినె గొంతు పూర్తిగా బొంగురుపోయింది. నా వైపు చూపించి, "ఇగ మా మరదలు పాడుతది" అనేసింది. నేను ఢోలక్ వెనక దాక్కున్నా వదల్లేదు. పాడాను. శ్రుతి ఎటో, నేనెటో. బస్సంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వదినె కళ్లు తుడుచుకుంటూ, రాని గొంతుతోనే, "ఇంకొకటి అందుకోయే!" అంది. ఇంకొకటి అందుకున్నాను.