సోలెడు ఉప్పు

జగదల్‌పూర్ యూనివర్సిటీలో కొత్తగా చేరిన మా మనవరాలు మొన్న ఫోన్ చేసి, మొదటి వారమే క్లాసులో చర్చకు ఒక ప్రశ్న ఇచ్చారని చెప్పింది: ఇద్దరూ ఇష్టపడి ఒప్పుకున్న బేరంలో అన్యాయం ఉంటుందా? ఉండదని తను రాసుకున్న వాదన చదివి వినిపించింది. వింటుంటే నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆ వాదన నాదే.

అదే ఊళ్ళో, ఆ ఏడు కాలేజీ తెరిచిన మొదటి వారంలో, అలాంటి ప్రశ్న మీదే క్లాసు చర్చలో నేను గెలిచాను. తద్దినాలనీ ముహూర్తాలనీ కులాన్నీ ఉతికి ఆరేసే వయసు నాది. దేవుణ్ణి నిలదీసిన నోరు మా సరిహద్దు ఊరు కొంటాలో మా నాన్న నడిపే దుకాణం జోలికి మాత్రం పోలేదు. ఆ దుకాణంలో అడవి ఊళ్ళవాళ్ళకు సోలెడు ఉప్పు ఇచ్చి సోలెడు సారపప్పు తీసుకునేవాళ్ళం. పట్నంలో ఆ పప్పు ధరకు బస్తా ఉప్పు వచ్చేది. సెలవుల్లో సోల పట్టుకుని కొలిచింది నేనే.

నా ఉపన్యాసం అయ్యాక చివరి బెంచీలోంచి కిష్టారం అడవుల వైపు దోర్ల తెగ కుర్రాడు, నా క్లాసువాడే, లేచాడు. రెండు మాటలకే హిందీ తడబడి, మా సరిహద్దు తెలుగులో నావైపు తిరిగాడు. “ఏందన్నా, మా అమ్మ రెండు దినాలు నడిచొచ్చి సోలెడు సారపప్పు పోస్తే మీరు సోలెడు ఉప్పే కొలుస్తిరి. ఉప్పు లేకుండ ఇంటికెట్ల పోతది? గది ఒప్పుకునుడా?”

లెక్చరర్‌కు తెలుగు రాదు. అతనేమన్నాడో హిందీలో చెప్పమని నన్నే అడిగారు. ఉప్పు దొరికితే చాలని వాళ్ళమ్మ సంతోషంగానే మార్చుకుంటుందట అని చెప్పాను. క్లాసంతా చప్పట్లు. మాట్లాడేంత హిందీ అతనికి రాదు గాని, అర్థం చేసుకునేంత వచ్చు. “మంచిగ చెప్పినవ్ లే అన్నా” అని కూర్చున్నాడు. వారం తిరక్కుండా హాస్టల్లో అతని ట్రంకుపెట్టె లేదు.

ఆ వేసవిలో వాళ్ళమ్మ దుకాణానికి వచ్చింది. కొడుకు సంగతి అడిగితే, చదువు వద్దన్నాడని చెప్పి తల దించుకుంది. ఏం చేయాలో తోచక ఉప్పు గోపురంలా పోసి కొలిచాను. ఆవిడ పొరపాటనుకుని, “ఎక్కువైంది బాబూ” అంటూ పైదంతా అరచేత్తో చదును చేసి మా బస్తాలోకే నెట్టేసింది.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఇది క్లాసులో చెప్పనా తాతయ్యా అంది. చెప్పమన్నాను, మాట మార్చింది మీ తాతేనని కూడా చెప్పమన్నాను.

తర్వాత నక్సలైట్ల, పోలీసుల గొడవల్లో ఆ వైపు ఊళ్ళు ఎన్నో ఖాళీ అయ్యాయి. అతనెక్కడున్నాడో తెలియదు; అక్కడివాళ్ళు వచ్చే దోర్నపాల్ సంతలో నా ఈడువాళ్ళ ముఖాలు ఇప్పటికీ వెతుకుతాను. ఉప్పు ఇప్పుడు రేషన్ దుకాణంలోనే దొరుకుతోంది, ఎవరూ రెండు రోజులు నడవనక్కర్లేదు. కిష్టారం పిల్లలు తమ మాట తామే హిందీలో చెప్పుకుంటున్నారు. మధ్యలో నాలాంటివాడు అక్కర్లేదు. అతనికి మాత్రం ఆ రోజు నేను తప్ప ఎవరూ లేరు.