పెయింట్ బకెట్లో తులసి

పక్క పోర్షన్ పెద్దమ్మ రెండు వారాల కిందట చనిపోయింది. పులివెందుల నుంచి ఆమె కూతురు ఫోన్ చేసేటప్పటికి నేను తులసికి నీళ్లు పోయబోతున్నాను. చెంబు కింద పెట్టేసి ఏడ్చాను. ఏడుస్తూనే మట్టిలో వేలు గుచ్చి, తడి ఉందో లేదో చూశాను. నన్ను అంతగా వేధించి పెట్టింది ఆమె.

ప్రొద్దుటూరులో నాలుగేళ్లు ఒకే మేడ మీద ఉన్నాం. మా బాల్కనీల మధ్య సన్నటి సందు. అప్పటికే నా చేతిలో మూడు తులసి మొక్కలు చచ్చాయి. నాలుగోది తెచ్చిన వారానికి, పిలవకుండానే వచ్చి కుండీలో వేలు పెట్టింది.

"ఏమ్మే, నీళ్లు పోస్తాండావా, ముంచుతాండావా?"

"దేవుని మొక్క గదా పెద్దమ్మా, రెండు పూటలా పోస్తాండా."

"దేవునిదైతే ఏర్లు కుళ్లవా? అడుగున బెజ్జం యాడుంది?"

లేదు. అది నేను ముచ్చటపడి కొన్న పింగాణీ కుండీ. నన్ను అడగనైనా అడగకుండా మొక్కను పెళ్లగించింది. పాత పెయింట్ బకెట్ తెచ్చి, మేకు కాల్చి అడుగున నాలుగు బెజ్జాలు పెట్టింది. ఎర్రమట్టి, పెన్న ఇసుక, మాగిన పేడ ఎరువు కలిపి నింపింది. నా కుండీ నా చేతికిచ్చి, "దీంట్లో ఎర్రగడ్డలేసుకో పో" అంది.

అంతటితో వదిలిందా? పొద్దున లేస్తే సందు అవతల నుంచి ఒకటే కేకలు. బకెట్ నీడలోకి జరిగితే తిట్టు. పై తడి చూసి మోసపోయి, లోపలికి వేలు గుచ్చి చూడకపోతే తిట్టు. కంకి కనబడితే చాలు, వచ్చి గిల్లేసేది. ఒక శుక్రవారం అలా గిల్లుతుంటే, జమ్మలమడుగు నుంచి వచ్చిన మా అత్త చూసి గగ్గోలు పెట్టింది.

"కంకి వదిలితే ఇత్తనం కట్టి ఎండిపోతాది. గిల్లితేనే గుబురైతాది. పాపముంటే నాకు తగులుకుంటాది లే" అంది పెద్దమ్మ.

నాకు ఒళ్లు మండింది. "మీ ఇంట్లో ఒక్క మొక్క ల్యాకపాయ. మా బకెట్ మీద ఈ పెత్తనమేంది?" అనేశాను.

ఆమె గిల్లిన కంకులు దేవుని గూట్లో పెట్టి వెళ్లిపోయింది. తర్వాత నెల రోజులు మాటల్లేవు.

ఆ ఎండాకాలం మా అత్తకు జబ్బు చేస్తే, ఇంటికి తాళం వేసి జమ్మలమడుగు వెళ్లి పక్షం రోజులు ఉండిపోయాను. మొక్క గురించి ఎవరికీ చెప్పలేదు. ఎండిపోయి ఉంటుందనుకుంటూ తిరిగొచ్చాను. తులసి నిగనిగలాడుతోంది! బకెట్ వెనక గోడంతా నీళ్ల చారలు. అవతల బాల్కనీలో పెద్దమ్మ, బట్టలారేసే కర్రకు మగ్గు కట్టుకుని నిలబడి ఉంది.

"పోయేటప్పుడు ఒక మాట చెప్పి పోవాలని తెలీదా? నా నడుం పడిపాయ!"

"గోడంతా కరాబు చేసినావే పెద్దమ్మా" అన్నాను.

"సున్నం కొడితే పోతాది లే."

మేం మళ్లీ మాట్లాడుకోవడం అలా మొదలైంది. థ్యాంక్స్ కాదు గదా, ఒక మంచి మాటైనా అనలేదు నేను. ఆమె తిట్లూ తగ్గలేదు. పోయినేడు ఆరోగ్యం చెడి కూతురి దగ్గరికి వెళ్లాక కూడా ఫోన్లో మట్టి గుల్ల చేశావా లేదా అని సతాయించేది. విసుక్కుని చాలాసార్లు ఫోన్ ఎత్తలేదు.

మొన్న పెద్దకర్మకు పులివెందుల వెళ్లాను. పెద్దమ్మ తనింట్లో తులసి ఎందుకు పెట్టుకోలేదని ఆమె కూతుర్ని అడిగాను.

"కొండాపురం దగ్గర మా ఊరు డ్యాము నీళ్ల మునకలో పాయ గదక్కా. మాయమ్మ పెరట్లో తులసిని మట్టితో సహా తవ్వుకొచ్చింది. గవర్మెంటోళ్లు ఇచ్చిన కాలనీలో యాడ ఎండిపోతాదో అని భయపడి, దినామూ చెంబులు చెంబులు పోసింది. ఏర్లు కుళ్లి సచ్చిపాయ. నా చేత్తో నేనే సంపుకుంటినని శానా ఏడ్చింది. మళ్లా పెట్టలే."

ఊరు వదిలిన రోజు గురించి కూడా చెప్పింది. ట్రాక్టర్ నిండా మంచాలు, బీరువా, బియ్యం మూటలు. వాటి మీద పెద్దమ్మ. నెత్తిన ఎండ మాడిపోతున్నా, కొంగంతా ఒళ్లోని మొక్కకు కప్పి, గతుకుల్లో అది కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుందట.