అక్క కాలు దిగబడిన చోట

ఒమన్ తీరంలో పక్షుల ఫోటోలు తీయడానికి నేరేడ్‌మెట్ నుంచి నేను, మా అక్క వెళ్లాం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ బురద నేలలో ఫ్లెమింగోలు మేస్తున్నాయి. నీళ్లు మళ్లీ రావడం మొదలవగానే ఒడ్డుకు వచ్చేయమని మమ్మల్ని అక్కడ దింపిన కారు డ్రైవరు ముందే హెచ్చరించాడు.

నేను కాస్త మెరక మీద ట్రైపాడ్ నిలిపి కెమెరాలో కన్ను పెట్టాను. వెనక పల్లంలోంచి అక్క పిలిచింది.

"నా కాలు దిగబడ్డదే. జెర ఇటు రా."

"ఒక్క నిమిషం అక్కా, వస్తున్న."

గుంపు అప్పుడే రెక్కలు విప్పుతోంది.

"నీళ్లొస్తున్నయే!" ఈసారి ఆమె గట్టిగా అరిచింది. అయినా పక్షులన్నీ ఎగిరేదాకా నేను బటన్ మీంచి వేలు తీయలేదు.

తిరిగి చూస్తే నీళ్లు అక్క మోకాళ్లు దాటాయి. కెమెరా ఊడదీసి మెడలో వేసుకుని, ట్రైపాడ్ పట్టుకుని పరిగెత్తాను. దాని ఒక కొస ఆమెకిచ్చి లాగాను. రెండుసార్లు నేనే పడ్డాను. మూడోసారి చెప్పు బురదలోనే ఉండిపోయి కాలు బయటికొచ్చింది. ఒకరినొకరు పట్టుకుని తొడల్లోతు నీళ్లలో ఒడ్డు చేరాం.

అక్క ఇసుకలో కూలబడి చాలాసేపు రొప్పింది. తర్వాత అడిగింది.

"ఫోటోలు మంచిగొచ్చినయా?"

వచ్చాయి. నా చెప్పులు విప్పి అక్క ముందు పెట్టాను.